అత్తగారి సొరుగు పిడులు

"ఓసారి ఇటు రావే, ఈ సొరుగు లాగు."

పొయ్యి మీద పాలు పొంగబోతున్నప్పుడే మా అత్తగారికి సొరుగు గుర్తొస్తుంది. మంట తగ్గించి, తడి చేతులు తుడుచుకుంటూ ఆవిడ గదిలోకి వెళ్తాను. మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆవిడ చెక్క బీరువా ఉంటుంది. పైసొరుగు లాగి పట్టుకుని నిలబడతాను. ఆవిడ నింపాదిగా అందులోంచి ఒక రుమాలు తీసుకుంటారు. "ఇక మూసెయ్" అంటారు. మూసి వంటింట్లోకి వచ్చేసరికి పాలు పొయ్యి మీదా, గట్టు మీదా, నేల మీదా ఉంటాయి. గుడ్డ పెట్టి తుడుస్తూ నాలో నేనే గొణుక్కుంటాను. రుమాలు తీసుకునే చేతికి సొరుగు లాగడం బరువైందా? పక్కనున్న సొరుగు తీయడానికి వంటింట్లోంచి మనిషి నడిచి రావాలా? నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ "నీళ్ళు" అంటే నీళ్ళు, "కళ్ళజోడు" అంటే కళ్ళజోడు అందించాలి. వయసు పైబడితే తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గకపోగా సొరుగుల దాకా వచ్చింది.

మా ఆయనతో ఒకసారి అన్నాను. పేపర్లోంచి తల ఎత్తకుండానే, "పెద్దావిడ. తీసిస్తే నీ సొమ్మేం పోయింది" అన్నారు. పోయేదేమిటో చెప్పబోతే, అది చెప్పుకునేంత పెద్దదిగా కనిపించదు. ఇంట్లో ఆడదానికి రోజంతా అలా చిల్లరగానే పోతూ ఉంటుంది, అందుకే దాన్నెవరూ దొంగతనమనరు.

నాకు మొదట్నుంచీ కంగారెక్కువ. తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూసుకుని కదులుతాను. బస్సులో కూర్చున్నాక గ్యాస్ కట్టానో లేదోనని మళ్ళీ మళ్ళీ గుర్తుచేసుకుంటాను. ఫోన్ మోగితే ముందు చెడువార్తే తోస్తుంది. ఆయన నాకు పెట్టిన పేరు గాభరా. నలుగురి ముందూ అదే పిలుపు. "మా గాభరా టీ తెస్తుంది, కూర్చోండి" అంటారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, నవ్వకపోతే "సరదాకి అంటే ఉడుక్కుంటుంది" అనే మాట కూడా పడాలి కనుక.

ఆ కంగారు మాయమయ్యే చోటు ఒక్కటే, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు. ఎదుటి మనిషి ముక్కు మీద ఫ్రేమ్ ఎక్కడ నొక్కుతోందో, చెవి వెనక ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి, వేడిచేసి వంచి, చిన్న ఆకురాయితో అంచులు రాసి సరిచేయడం నా పని. "ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే, మనిషి అద్దంలో చూసుకోకుండానే "హాయిగా ఉంది" అంటాడు చూడండి, ఆ మాట కోసం బస్సులో నిలబడి వెళ్ళినా బాధనిపించదు. ఆ మధ్య మా యజమాని పిలిచి, ఊరి అవతల కొత్త షాపు తెరుస్తున్నామని, దాని బాధ్యత నాకివ్వాలనుకుంటున్నామని చెప్పాడు. "ఇంట్లో అడిగి చెప్పమ్మా" అన్నాడు చివర్లో, దయగా. అంతకుముందు లెక్కలు చూసే ఆయన్ని వేరే షాపుకి మార్చినప్పుడు ఇంట్లో అడిగి రమ్మన్నట్టు నాకు గుర్తులేదు. నేను మాత్రం తలూపి వచ్చేశాను. వచ్చి, ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారు. అడగకపోతే ఆ ఉద్యోగం ఇంకా నాదే అన్నట్టుంటుంది. మింగుడుపడని మాత్రలాగా దాన్ని గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

ఒక ఆదివారం, ఉతికి మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని అత్తగారి గదికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. ఆవిడ బీరువా ముందు నేల మీద మోకాళ్ళూని కూర్చున్నారు. సొరుగుకున్న స్టీలు గుబ్బ రేగిపండంత ఉంటుంది, నున్నగా. దాని చుట్టూ రుమాలు తిప్పి, రెండు కొసలూ పళ్ళతో కరిచి పట్టుకుని, తల వెనక్కి వాల్చి లాగుతున్నారు. మెడలో నరాలు తాళ్ళలా లేచాయి. సొరుగు కాస్త కదిలింది. అంతలో రుమాలు జారి ఆవిడ వెనక్కి పడ్డారు. మోచెయ్యి మంచంకోడుకి తగిలింది. అమ్మా అని కూడా అనలేదు. లేవబోతూ బీరువా అద్దంలో నన్ను చూశారు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"తలుపు కొట్టి రావాలని తెలీదా?"

బట్టలు మంచం మీద పెట్టి ఆవిడ్ని లేపి కూర్చోబెట్టాను. చేతులు ఒళ్ళో దాచుకోబోయారు. అప్పుడు చూశాను వాటిని. కణుపులు ఉబ్బి, వేళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. గ్లాసుని రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి తాగడం, గుండీలున్న బట్టలు వేసుకోవడం మానేయడం, జుట్టు దువ్వుకోకుండా ఊరికే వెనక్కి నిమురుకోవడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. జాలేసింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ "లాగు" అనే బదులు "లాగలేకపోతున్నానే" అని ఒక్కసారి అనకూడదా? కానీ ఆ మాట అనడం ఆవిడకీ ఎవరూ నేర్పి ఉండరు. ఆజ్ఞ అయితే నోటికి అలవాటు.

"వాడికి చెప్పకు" అన్నారు. "దానికసలు చెప్పకు." దానికి అంటే తన కూతురికి, మా పెద్ద ఆడపడుచుకి. "చెబితే అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. అక్కడ కొన్నాళ్ళు, ఇక్కడ కొన్నాళ్ళు అని చేతిసంచీలాగా తిప్పుతారు. లేదంటే ముసలివాళ్ళని చేర్చుకునే చోట పడేస్తారు. ఈ గది దాటితే నేను బతకనే."

చెప్పనన్నాను. నాకున్న కంగార్లకి తోడు ఇంకొకటి.

మర్నాడు షాపు నుంచి వస్తూ సామాన్ల కొట్లో పిడులు చూపించమన్నాను. "లేటెస్ట్ మోడల్స్ మేడమ్" అని ఒక అట్ట నిండా ఉన్నవి ముందు పెట్టాడు. బంగారు రంగువి, పువ్వులవి, ఆకులవి. అన్నిటికీ వేళ్ళు కావాలి. వేళ్ళు చాచి బిగించి ఒక్కోదాన్నీ లాగి చూస్తుంటే, "ఏం మేడమ్, చేతికి దెబ్బ తగిలిందా?" అన్నాడు. ఒక్కటీ కొనకుండా వచ్చేశాను. వస్తుంటే తోచింది. ముఖానికి సరిపోని ఫ్రేమ్ వస్తే నేను వెనక్కి పంపను, రాసి సరిచేస్తాను. చెక్కయినా రాస్తే అరుగుతుంది కదా.

పెరటి వసారాలో ఒక విరిగిన కుర్చీ ఉంది. "బాగుచేయిస్తాను, పారెయ్యకు" అని ఆయన దాచినది. నేను దాని మీద దుమ్ము దులపడం, ఆయన అటువైపు చూడకపోవడం ఆనవాయితీగా నడుస్తోంది. దాని చేతులు మంచి గట్టి చెక్క. చిన్న రంపం కొని, ఒక చెయ్యి కోసి, ముక్కలు సంచీలో వేసుకుని షాపుకి పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళినప్పుడు వెనకగదిలో పేపరు పరిచి, ఆకురాయితో రాయడం మొదలుపెట్టాను. మొదటిది గుండ్రంగా, ముద్దుగా వచ్చింది. చూసి మురిసిపోయాను కూడా. కానీ అది కూడా గుబ్బే, వేళ్ళు కావాల్సిందే. రెండోదాన్ని పొడుగ్గా చేసి వెనక నుంచి స్క్రూ బిగిస్తుంటే టప్పుమని నిలువునా చీలింది. స్క్రూ లావు, నేను పెట్టిన కంత సన్నం, అదీ మరీ చివర. ఫ్రేముల్లో ప్లాస్టిక్ ఎటు వంచితే అటు వంగుతుంది. చెక్కలో మాత్రం నార ఒకవైపుకే నడుస్తుంది, దాన్ని చూసుకుని మనం నడుచుకోవాలి. ఇంకొకటి, ఇంకొకటి చీల్చాక గాని ఆ నడక నా చేతికి పట్టుబడలేదు.

ఆకారమెలా ఉండాలో మాత్రం తెలియలేదు. ఒక పొద్దున వంటింట్లో పిండి కలుపుతూ ఒక ముద్ద తీసి ఆవిడ గదిలోకి పట్టుకెళ్ళాను.

"దీన్ని గట్టిగా పట్టుకోండి."

"ఇదేం చోద్యమే."

"పట్టుకోండి, చెప్తాను."

పట్టుకోలేకపోయారు. నేనే ఆవిడ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని ముద్ద మీద ఆనించాను. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. చల్లగా, పొడిగా, అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. "లాగండి, సొరుగు లాగినట్టు" అన్నాను. వేళ్ళు కదల్లేదు. అరచేతి అంచు, బొటనవేలి మొదలు పిండిలోకి దిగాయి. బలం ఇంకా అక్కడ ఉందన్నమాట. చెయ్యంత వెడల్పు పిడి కావాలి, వెనక ఖాళీ కావాలి. పైనుంచి చెయ్యి మొత్తం లోపలికి జారితే, వేళ్ళతో పనిలేకుండా మణికట్టుతోనే లాగొచ్చు. ఆ ముద్దని పళ్ళెంలో పెట్టి మూతేసి షాపుకి పట్టుకెళ్ళాను. దాన్ని చూస్తూ చెక్క లోపలివైపు దొన్నెలాగా తొలిచాను. శాండ్ పేపర్ పెట్టి, కళ్ళు మూసుకుని తడిమితే ఎక్కడా గరుకు తగలనంతవరకూ రాశాను. నూనె గుడ్డతో తుడిస్తే కుర్చీలో ఎన్నడూ కనిపించని ఎర్రటి చారలు బయటపడ్డాయి.

ఆ రోజుల్లో ఎవరేమడిగినా అబద్ధమే. "ఏంటీ పొట్టు, నెత్తి మీద?" అనేవారు ఆయన. "షాపులో ఏదో రిపేరు" అనేదాన్ని. "అడిగావా అమ్మా?" అనేవాడు యజమాని. "అడుగుతున్నానండీ" అనేదాన్ని. అత్తగారు భోజనం దగ్గర చెంచా జారవిడిస్తే, ఆయన చూసేలోపు వంగి తీసి, "నా చెయ్యి తగిలింది" అనేదాన్ని. ఇన్ని అబద్ధాలు అలవాటులేక, ఏది ఎవరికి చెప్పానో తలుచుకుంటూ మెట్ల మీద ఆగిపోయేదాన్ని.

ఆయన ఊళ్ళో లేని రోజు చూసి బిగించడానికి కూర్చున్నాను. పాత గుబ్బకున్నది ఒకటే కంత. కొత్తదానికి ఇంకొకటి పెట్టాలి. అది చీలితే బీరువా పాడవుతుంది, బీరువా పాడైతే రహస్యం బయటపడుతుంది. కంత పెట్టే బర్మా ఆనించి తిప్పుతుంటే చెమటలు పట్టాయి.

"వంకర పోతోందే" అన్నారు మంచం మీంచి అత్తగారు.

"మీరు మాట్లాడకపోతే తిన్నగా పోతుంది."

ఆవిడ నోరు మూసుకున్నారు. నేను ఆ మాట అన్నానని మా ఇద్దరికీ కాస్త ఆలస్యంగా తెలిసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

బిగించాక ఆవిడ లేచి వచ్చి, పిడి వెనక్కి చెయ్యి జార్చి, వెనక్కి వాలారు. సొరుగు వచ్చేసింది. ఆవిడ లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. అదే మొదటిసారి చూస్తున్నట్టు. "కిందది బిగుతుగా ఉంది, దానికి కూడా పెట్టు" అన్నారు చివరికి. ఆ మధ్యాహ్నమంతా వంటింట్లోకి సొరుగు తీస్తున్న చప్పుడు, వేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. సాయంత్రం మాత్రం, "స్నానాలగది తలుపుకి కూడా ఒకటి చెయ్యరాదూ" అన్నారు.

అన్ని సొరుగులకీ పెట్టాక ఆయన చూశారు. చూడరనుకోవడం నా వెర్రి. "మా గాభరా వడ్రంగం మొదలుపెట్టింది. తీరిక ఎక్కువైతే ఇంతే" అని ఫోన్లో వాళ్ళక్కకి చెప్పి నవ్వారు. ఆవిడ నవ్వలేదనుకుంటాను. ఆ వారాంతానికే వచ్చి దిగారు. తల్లి మంచం మీద కూర్చుని, ఆ మాటా ఈ మాటా చెబుతూ, పిడి మీద చెయ్యి వేసి, లోపల తొలిచిన చోటుని తడిమారు. ఆవిడ తెలివైన మనిషి. "అమ్మా, ఆ గ్లాసు ఇలా అందుకో" అన్నారు మామూలుగా. గ్లాసు నేల మీద పడి పగిలింది.

అత్తగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ ఒంటి మీద ఉంది. "చెప్పేశావు కదూ" అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన పిడే చెప్పేసింది. ఆ సంగతి ఆవిడకి చెప్పుకోవడానికి నాకు సమయం ఎవరూ ఇవ్వలేదు. గాజుపెంకులు ఊడవాలి, టీ పెట్టాలి.

హాల్లో వాళ్ళు కూర్చున్నారు. వంటింట్లో నేను, నీళ్ళు మరుగుతున్నాయి. ప్రతి మాటా వినిపిస్తోంది.

"మా ఇంట్లో అన్నీ మెట్లు. నాకు నడుంనొప్పి. లేకపోతే ఈ క్షణమే తీసుకెళ్ళిపోదును" అన్నారు ఆడపడుచు.

"నీకెందుకక్కా శ్రమ. నేనేమో ఆఫీసు వదల్లేను."

"నువ్వెందుకు వదలడం? నీ భార్యని మానిపించు. ఆ కళ్ళజోళ్ళమ్మే ఉద్యోగమేగా. చెక్కలు చెక్కుకునేంత తీరిక ఎలాగూ ఉంది."

"మానేస్తుందిలే. చెప్తే కాదనే మనిషి కాదు."

అప్పుడు అత్తగారి గొంతు, చిన్నగా. "అది ఇంట్లో ఉంటే నాకేం బెంగ లేదు."

చక్కెర డబ్బాలో చెంచా అలాగే నిలిచిపోయింది. ఇన్నేళ్ళూ నేను భయపడినవేవీ జరగలేదు. గ్యాస్ పేలలేదు, దొంగలు పడలేదు, బస్సు బోల్తా కొట్టలేదు. నేను కాపలా కాయని వైపు నుంచి వచ్చింది ఆపద, టీ పెట్టమంటూ. ఆయన మాట కొత్తది కాదు. ఆడపడుచు మాటకి సిద్ధంగానే ఉన్నాను. పిండిముద్ద మీద నేను పట్టుకున్న చెయ్యే ఈ మాట అనడం మాత్రం మింగలేకపోయాను. ఆవిడ కోసం చేయడం తప్పా? చేయకపోయి ఉంటే ఇంకా "ఓసారి రావే" అని పిలుస్తూ ఉండేవారు, నేను తిట్టుకుంటూ లాగుతూ ఉండేదాన్ని, ఉద్యోగం ఉండేది. మంచితనానికి ఇది శిక్షా? కాదు. తీరిక ఉందనుకున్నారు, అంతే. ఆడదాని చేతిలో పని కనిపిస్తే పని అనుకోరు, ఇంకో పనికి ఖాళీ ఉందనుకుంటారు. నేను చేసిన పిడి పట్టుకుని నన్నే లాగుతున్నారు. రేపు షాపుకి ఫోన్ చేసి "ఇంట్లో వద్దన్నారండీ" అనడం, యజమాని "పర్లేదమ్మా" అనడం, ఆ వెనకగది, ఆ ఆకురాళ్ళు, "హాయిగా ఉంది" అనే ముఖాలు, అన్నీ కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోయాయి. టీ పోసి ట్రే ఎత్తుకున్నాను.

"విన్నావుగా" అన్నారు ఆడపడుచు నాతో, కప్పు అందుకుంటూ.

"విన్నాను వదినా. కొత్త షాపు బాధ్యత నాకిచ్చారు. ఒప్పుకున్నాను."

"ఎవర్నడిగి?" అన్నారు ఆయన.

"ఎవర్నీ అడగలేదండీ."

"ఎప్పుడు ఒప్పుకున్నావు?"

"ఇప్పుడే."

ట్రేలో మిగిలిన కప్పులు గలగలమంటున్నాయి. అందరూ విన్నారు. ఆపాలని నేను ప్రయత్నించలేదు.

"మరి అమ్మని ఎవరు చూస్తారు?" అన్నారు ఆడపడుచు.

"కొడుకు ఉన్నారు, కూతురు ఉన్నారు. సాయంత్రం వచ్చాక నేనూ ఉంటాను."

అత్తగారు ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నేను పెరట్లోకి వెళ్ళి యజమానికి ఫోన్ చేశాను. చెప్పిన అబద్ధం నిజమైపోవాలి కదా. "ఇంట్లో ఒప్పుకున్నారా అమ్మా?" అన్నాడు. "నేను ఒప్పుకున్నానండీ" అన్నాను.

తర్వాత కొన్నాళ్ళు ఆయన నాతో మాట్లాడాలంటే గోడతో చెప్పేవారు. ఆడపడుచు ఫోన్లో నడుంనొప్పి గురించి ఏడ్చి, చివరికి రోజు విడిచి రోజు పగలు వచ్చి కూర్చోవడానికి ఒప్పుకున్నారు. మిగతా రోజులు ఆయన ఆఫీసులో సర్దుకోవాలి. సర్దుకోవడం అనే మాట ఆయన నోట అంత బరువుగా పలకడం నేను మునుపు వినలేదు. అత్తగారు నన్ను దేనికీ పిలవలేదు. నేనే రోజూ వెళ్ళి తల దువ్వుతున్నాను. ఒక పొద్దున జడ అల్లుతుంటే అన్నారు.

"కోపంగా ఉందా నా మీద?"

"ఉందండీ."

"ఉండదూ మరి. భయమేసిందే. నీళ్ళలో పడినవాడు ఎవరు దొరికితే వాళ్ళ మెడే పట్టుకుంటాడు. వాళ్ళు మునుగుతారని తోచదు" అన్నారు.

"నాక్కూడా భయంగానే ఉంది. అక్కడ ఏం చేస్తానో, ఇక్కడ మీకేమవుతుందోనని."

"నీకు భయం అలవాటేగా" అన్నారు ఆవిడ. "నాకే కొత్త. నువ్వు వెళ్ళు."

కొత్త షాపులో మొదటి రోజు పొద్దున ఒక పెద్దాయన ముక్కు మీంచి జారిపోయే కళ్ళజోడుతో వచ్చాడు. పెద్దాయన చెవుల వెనక చూస్తుండగా ఫోన్ మోగింది. ఇంటి నుంచి. ఎప్పటిలాగే ముందు చెడువార్తే తోచింది.

"అమ్మకి టీలో చక్కెర వేస్తామా, వెయ్యమా?" అన్నారు మా ఆయన. గొంతులో చిరాకు, దాని కింద నాకు బాగా తెలిసిన కంగారు.

ఆ మనిషి ఆవిడ కొడుకు. పుట్టినప్పట్నించీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. జవాబు నా నాలుక చివర సిద్ధంగా ఉంది. అరచెంచా, బాగా చల్లార్చి, వెడల్పు కప్పులో, సగానికి మాత్రమే. చెప్పకపోతే వేడిగా ఇచ్చేస్తారేమో. ఒలికితే కాలుతుందేమో. ఎదురుగా పెద్దాయన కళ్ళజోడు లేని కళ్ళతో నావైపు ఓపిగ్గా చూస్తున్నాడు.

"ఆవిడ పక్కగదిలోనే ఉన్నారుగా" అన్నాను. "ఆవిడనే అడగండి."

అవతల చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు, తలుపు, ఆ తర్వాత ఆయన గొంతు, దూరంగా, తడబడుతూ. "అమ్మా, నీకెలా కావాలి?"

ఆ జవాబు నాకోసం కాదు. ఫోన్ పెట్టేసి, పెద్దాయన చెవి వెనక ఎక్కడ నొక్కుతోందో చూడటానికి వంగాను.